చివరి అంకె తొమ్మిది

1968 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ కార్లు రెండు. ఒకదాని నంబరు 8ఆర్02ఎస్125558, రెండోదానిది 8ఆర్02ఎస్125559. కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఫ్యాక్టరీలో వరస నంబర్లతో తయారైన జంట. రంగు ఒకటే, ఇంజన్ ఒకటే, చివరి అంకె ఒక్కటే తేడా. రెండూ ఒకే సినిమాకు వెళ్లి, శాన్‌ఫ్రాన్సిస్కో మిట్టపల్లాల మీద ఒకే పాత్రను పంచుకున్నాయి. షూటింగ్ అయ్యాక రెండూ కనుమరుగయ్యాయి. ఎనిమిది తుక్కుకు పోయిందన్నారు. తొమ్మిదిని ఎవరో కొనుక్కున్నారన్నారు. ఎవరు, ఎక్కడ అని అడిగితే మాత్రం తలా ఒక కథ చెప్పేవారు.

నలభై ఏళ్లకు పైగా కార్ల మీద మమకారమున్నవాళ్లను తిప్పలు పెట్టిన ఈ ముడి విడిపోయేసరికి, తొమ్మిది ఒక ఇన్సూరెన్స్ ఉద్యోగి ఇంట్లో తేలింది. ఆయన భార్య దాన్ని వేసుకుని రోజూ బడికి వెళ్లి పాఠాలు చెప్పి వచ్చేది. తర్వాత ఆయన కొడుకుతో కలిసి దాన్ని బాగుచేద్దామని పార్టులు విప్పాడు. ఆ పని సగంలో ఆగింది. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది ఆ ఆగిపోవడమే. వాళ్లు ఆ కారును అందరూ మెచ్చుకునేలా తళతళలాడించి ఉంటే, అది ఫలానా కారేనని చెప్పే ఆధారాల్లో చాలా భాగం గీకుడు కాగితం కింద పొడి అయిపోయేది.

ముందు సినిమా సంగతి. పేరు బుల్లిట్. 1968 అక్టోబరులో వచ్చింది. దర్శకుడు పీటర్ యేట్స్. ఫ్రాంక్ బుల్లిట్ అనే పోలీసు డిటెక్టివ్‌గా స్టీవ్ మెక్‌క్వీన్ నటించాడు. కథ ఎంతమందికి గుర్తుందో గానీ, మధ్యలో దాదాపు పదకొండు నిమిషాల పాటు సాగే కార్ల వేట చూసినవాళ్లెవరూ మరిచిపోలేదు. ముందు నల్లటి డాడ్జ్ చార్జర్, దాని వెనక ఆకుపచ్చ మస్టాంగ్. లాలో షిఫ్రిన్ సంగీతం వేట మొదలవగానే ఆగిపోతుంది. ఆపైన వినిపించేవి ఇంజన్ల అరుపు, టైర్ల కీచు, దిగుడు వీధుల్లో బండి గాల్లోకి లేచి నేలకు కొట్టుకునే చప్పుడు, అంతే. ఈ సినిమా ఎడిటర్ ఫ్రాంక్ పి. కెల్లర్‌కు ఆస్కార్ వచ్చింది.

చిక్కుముడి విప్పాలంటే మొదటి సాక్షి ఆ సినిమాయే. కానీ దాని మాట జాగ్రత్తగా వినాలి. వేటలో ఒక ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను ఈ రెండు కార్లూ దాటుకుపోతాయి. కాసేపటికి అదే బీటిల్ మళ్లీ ఎదురవుతుంది, మళ్లీ దాటతాయి. చార్జర్ చక్రాల మూతలు ఊడిపోతూ ఉంటాయి. లెక్కపెడితే ఊడినవి దానికున్న నాలుగు చక్రాలకన్నా ఎక్కువ. ఒకే పరుగును పలు కెమెరాలతో, పలు కోణాల్లో తీసి ఆ ముక్కలన్నిటినీ ఒకే దారిలా అతికించినందువల్ల వచ్చిన తంటా ఇది. అంటే తెర మీద కనిపించే మస్టాంగ్ కూడా ఒకటి కాదు. ఒక షాట్‌లో ఎనిమిది, మరు షాట్‌లో తొమ్మిది.

ఏ షాట్‌లో ఏది? దానికి పూర్తి జవాబు సినిమాలో లేదు గానీ, నడిపిందెవరో చెప్పే చిన్న గుర్తు ఒకటి ఉంది. కారు లోపలి అద్దంలో మెక్‌క్వీన్ ముఖం కనిపించేలా అద్దం దించి ఉంటే నడుపుతున్నది అతనే. అద్దం పైకి తిప్పి ఉంటే స్టీరింగ్ బడ్ ఎకిన్స్ అనే స్టంట్ డ్రైవర్ చేతిలో ఉన్నట్టు. ఈ సంగతి తెలిశాక ఆ వేట చూస్తే కళ్లు రోడ్డును వదిలి అద్దం మీదే నిలుస్తాయి.

పని విభజన మాత్రం తెలుసు. తొమ్మిది హీరో కారు. దగ్గరి షాట్లు, మెక్‌క్వీన్ కూర్చున్న షాట్లు ఎక్కువగా దానివి. ఎనిమిది దెబ్బలు తినే కారు. కొండ వాలుల మీద గాల్లోకి ఎగిరి పడే షాట్లు దాని వాటా. గంటకు 110 మైళ్లకు పైగా వేగంతో తీసిన వేట అది. షోరూమ్ నుంచి వచ్చిన మస్టాంగ్ అన్ని గెంతులు తట్టుకోలేదని రేసింగ్ మెకానిక్ మ్యాక్స్ బాల్చౌస్కీ చేతికి రెండింటినీ ఇచ్చారు. ముందు చక్రాల షాక్‌అబ్జార్బర్ పైకొస ఆనుకునే రేకు గూళ్లకు అదనపు ఇనుము వేసి వెల్డింగ్ చేశాడు. బిరుసైన స్ప్రింగులు వేశాడు, కోనీ కంపెనీ షాక్‌అబ్జార్బర్లు బిగించాడు, ఇంజన్‌కు పదును పెట్టాడు. పైకి కనిపించే మార్పులు ఇంకా ఉన్నాయి. ముందు జాలీ మధ్య ఉండే పరుగెత్తే గుర్రం బొమ్మ తీసేశారు. కంపెనీ పేర్లు, బ్యాడ్జీలు పీకేశారు. అయిదు ఊచల టార్క్ థ్రస్ట్ చక్రాలు వేశారు.

ఇక్కడే ఆధారాలను రెండు కుప్పలుగా వేరు చేసుకోవాలి. గుర్రం బొమ్మ పీకడం ఎవరికైనా చేతనవును. చక్రాలు అంగట్లో దొరుకుతాయి. హైలాండ్ గ్రీన్ రంగు ఆ ఏడాది ఫోర్డ్ అందరికీ అమ్మిన రంగే. సినిమా చూసి మోజుపడి తమ మస్టాంగ్‌లను అచ్చం అలాగే తయారుచేసుకున్నవాళ్లకు లెక్కలేదు. కాబట్టి పైకి కనిపించేవన్నీ నకలు చేయగలిగినవే, రుజువుకు పనికిరావు. రుజువు కావాలంటే నకలు చేయాలనే ఆలోచన కూడా ఎవరికీ రాని చోట వెతకాలి. రేకు అడుగున, సీటు కింద, డిక్కీ లోపల.

రెండో సాక్షి నంబరు. మన దగ్గర పాత బండి కొనేటప్పుడు ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు కదా, దాని అంతరార్థమే ఇక్కడా. 8ఆర్02ఎస్125559లో మొదటి 8 అంటే 1968 మోడల్. ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీ. 02 అంటే ఫాస్ట్‌బ్యాక్, వెనక అద్దం డిక్కీ దాకా వాలిపోయే ఆకారం. ఎస్ అంటే 390 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్, కంపెనీ లెక్కలో 325 హార్స్‌పవర్. మిగిలిన ఆరంకెలు తయారీ వరస. ఆ ఏడాది నుంచి ఈ నంబరు పలకను బయటి నుంచి అద్దంలోంచి కనిపించేలా డ్యాష్‌బోర్డు మీద బిగించారు. ఇది చాలదన్నట్టు ముందు చక్రాల పైనుండే లోపలి రేకు మీద కూడా అదే నంబరు గుద్దారు. డ్యాష్‌బోర్డు పలకను రివెట్లు పీకి మార్చవచ్చు. రేకు మీద గుద్దిన అంకెలను మార్చాలంటే ఆ రేకే కోసేయాలి, కోసిన చోట వెల్డింగ్ మచ్చ మిగులుతుంది. కళ్లున్న మెకానిక్ ముందు ఆ మచ్చ దాగదు.

అయితే నంబరు ఒక్కటే తెలిస్తే చాలదు. ఆ నంబరు కారు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందన్నది మూడో సాక్షి. షూటింగ్ అయ్యాక తొమ్మిదిని వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో పనిచేసే రాబర్ట్ రాస్ కొన్నాడు. 1970లో న్యూజెర్సీ పోలీసు డిటెక్టివ్ ఫ్రాంక్ మరాంకా చేతికి వచ్చింది. తెర మీద డిటెక్టివ్ నడిపిన కారు నిజం డిటెక్టివ్ గుమ్మంలోకి చేరింది. 1974లో ఆయన దాన్ని రోడ్ అండ్ ట్రాక్ పత్రికలో అమ్మకానికి ప్రకటించాడు. ఆ ప్రకటన చూసి న్యూజెర్సీలోనే ఉన్న రాబర్ట్ కీర్నన్ ఆరు వేల డాలర్లు ఇచ్చి కొన్నాడు. ఆరేళ్లు నడిచిన మస్టాంగ్‌కు అది ఆ రోజుల్లో పెద్ద ధరే. సినిమా కారన్న సంగతి కొనేటప్పుడే ఆయనకు తెలుసు.

తెలిసినా దాన్ని పూజగదిలో పెట్టలేదు. వాళ్లింటికి అదే కారు. రాబర్ట్ భార్య రాబీ మూడో తరగతి పిల్లలకు టీచరు. స్టీవ్ మెక్‌క్వీన్ టైర్లు కాల్చిన అదే క్లచ్‌ను తొక్కుకుంటూ బడికి వెళ్లేది. ఇలాంటి కార్లు కనిపించకుండా పోవడానికి పెద్ద కారణం నాకు ఇందులో కనిపిస్తుంది. అందరూ వాటిని కోటీశ్వరుల గ్యారేజీల్లో, మ్యూజియంల గోదాముల్లో వెతుకుతారు. బడి ముందు కార్లు ఆపే చోట ఎవరూ వెతకరు.

నాలుగో సాక్షి ఒక కాగితం. 1977 డిసెంబరు 14 తేదీతో, మెక్‌క్వీన్ సొంత సంస్థ సోలార్ ప్రొడక్షన్స్ పేరున్న కాగితం మీద టైపు చేసిన ఉత్తరం. పంపింది మెక్‌క్వీన్. నా మస్టాంగ్‌ను తిరిగి తీసుకోవాలని మరోసారి అడుగుతున్నాను అని మొదలుపెట్టాడు. మరోసారి అన్నాడంటే అంతకుముందూ అడిగాడనేగా. కారును ఇంట్లోనే ఉంచుకోవాలనీ, సినిమాలో ఎలా ఉందో అలాగే ఉంచాలనీ తన కోరిక. దానికి బదులుగా అలాంటిదే ఇంకో మస్టాంగ్ వెతికి ఇప్పించే ప్రయత్నం చేస్తానన్నాడు. మరీ ఎక్కువ డబ్బుతో కూడిన పని అయితే మాత్రం మరిచిపోదాం అని ముగించాడు. హాలీవుడ్‌లో అప్పట్లో అత్యధిక పారితోషికం తీసుకునే నటుల్లో ఒకడు తన కారు కోసం బేరం ఆడుకుంటూ రాసిన ఉత్తరం అది. కీర్నన్ ఇవ్వలేదు. 1980 నవంబరు 7న మెక్‌క్వీన్ చనిపోయాడు.

ఈ ఉత్తరం రుజువుగా ఎంత బలమైనదో చూడండి. కారు తనదని చెప్పుకునేవాడు ఎన్ని కాగితాలైనా పుట్టించవచ్చు. కారు పోగొట్టుకున్నవాడు, దాన్ని స్వయంగా నడిపినవాడు, ఆ కారు మీ దగ్గరే ఉంది, ఇవ్వండి అని రాస్తే అది ఎదుటివాడి నోటి నుంచి వచ్చిన సాక్ష్యం. కారుకు ధర రాకముందు, దాని మీద జనం కన్ను పడకముందు రాసిన మాట. 1977లో ఆ మాటను కల్పించాల్సిన అవసరం ఎవరికీ లేదు.

మెక్‌క్వీన్ పోయిన ఆ సంవత్సరమే కారు కూడా ఆగిపోయింది. సుమారు 65,000 మైళ్ల దగ్గర క్లచ్ పోయింది. కుటుంబం పెరుగుతోంది, ఉద్యోగరీత్యా ఊళ్లు మారుతున్నారు. కారును పక్కన పెట్టారు. కొడుకు షాన్ పుట్టి పెరిగి పెద్దవాడైందంతా ఆ కారు కదలని కాలంలోనే. ఇంటికి వచ్చేవాళ్లకు దాని గురించి చెప్పకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు. చివరికి ఆ కుటుంబం టెనెసీలో స్థిరపడింది, కారూ వాళ్లతోనే వచ్చింది.

2001లో ఫోర్డ్ కంపెనీ బుల్లిట్ పేరుతో కొత్త మస్టాంగ్ విడుదల చేసింది. అసలు కారు ఏమైందన్న కుతూహలం మళ్లీ రాజుకుంది. ఆ ఏడాదే తండ్రీకొడుకులు తమ కారును విప్పడం మొదలుపెట్టారు. పార్టులు ఊడదీశారు. రాబర్ట్‌కు పార్కిన్సన్స్ వ్యాధి వచ్చింది. షాన్‌కు ఉద్యోగం, పెళ్లి, కూతురు. పని వెనకబడింది. 2014లో రాబర్ట్ చనిపోయాడు. ఊడదీసిన పార్టులు, వెలిసిన పచ్చరంగు, తలుపుల అంచుల్లో తుప్పు, ఇవన్నీ కొడుక్కి మిగిలాయి.

ఇక్కడ కాసేపు ఆగి ఇలాంటి పని గురించి మాట్లాడతాను. పాత స్పోర్ట్స్ కారును తల్లితోనో తండ్రితోనో కలిసి ఇంటి షెడ్డులో బాగుచేయాలనుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరినీ ఆపేసేది డబ్బు. అందులోనూ సింహభాగం మింగేది ఇంజన్ కాదు, టింకరింగూ పెయింటింగూ. ఇంజన్‌కు రింగులు, వాల్వులు, గ్యాస్కెట్లు ఇంత అని ఒక లెక్కకు వస్తాయి. బ్రేకులు, క్లచ్ కూడా అంతే. రేకు పని మాత్రం అంతుపట్టదు. ఒక తుప్పు మచ్చ గీకితే దాని కింద ఇంకో రంధ్రం, దాన్ని కోస్తే దాని వెనక ఇంకో రేకు పాడై ఉంటుంది. పుట్టీ పెట్టి, గీకి, ప్రైమర్ కొట్టి, మళ్లీ గీకి, రంగు కొట్టి పాలిష్ చేసేసరికి కూలీ గంటలు కొండలా పేరుకుపోతాయి. నేననేది ఏమిటంటే, చేతిలో డబ్బు తక్కువైతే కదలడం, ఆగడం, నిప్పంటుకోకుండా ఉండటం, ఈ మూడింటికి కావాల్సినవి ముందు చూసుకోవాలి. ఇంధనం పైపులు, బ్రేకు పైపులు, వైరింగ్ కొత్తవి వేయాలి. రంగు జోలికి ఆఖరున వెళ్లాలి, వెళ్లకపోయినా ఫరవాలేదు. ఊడదీసిన ప్రతి బోల్టునూ సంచిలో వేసి పేరు రాయాలి. ఊడదీసే ముందు ఫొటో తీయాలి. ఏ పాత పార్టునూ పారేయకూడదు. అటకెక్కించినా సరే, ఉంచాలి.

పూర్తి రిస్టోరేషన్ అంటే చాలా వర్క్‌షాపుల్లో బాడీని ఇనుము కనిపించేదాకా గీకేస్తారు. ఫ్యాక్టరీలో లేనిది ఏది కనిపించినా అది లోపమే. ఎవరో ఎప్పుడో వేసిన రంధ్రం కనిపిస్తే పూడ్చేస్తారు. అడ్డదిడ్డంగా వెల్డింగ్ చేసిన ఇనుప ముక్క ఉంటే గ్రైండర్ పెట్టి తీసేసి నున్నగా చేస్తారు. మామూలు కారుకు అది మంచి పనే. ఈ కారుకు అలా చేసి ఉంటే ప్రాణమే తీసేసినట్టు. ఎందుకంటే ఈ కారు తలుపుల కింద, బండి పొడవునా పోయే అంచు రేకు అడుగున, ఫ్యాక్టరీ ఎన్నడూ వేయని గొట్టం ముక్కలు వెల్డింగ్ చేసి ఉన్నాయి. సినిమావాళ్లు కెమెరాలు బిగించడానికి వేసుకున్న ఊతాలు అవి. షూటింగ్ అయ్యాక తీసేసే ఓపిక ఎవరికీ లేకపోయింది. తుప్పు పట్టిన ఆ ముక్కలను చూసి కీర్నన్‌లు కూడా గ్రైండర్ తీసుకోలేదు.

ఈ ఆధారాన్ని దగ్గరగా చూస్తే దాని విలువ బోధపడుతుంది. నకలు కారు చేసేవాడు సినిమా చూసి చేస్తాడు. కెమెరాలో కనిపించేదే అతనికి తెలుసు. కెమెరాను మోసిన ముక్క కెమెరాలో కనిపించదు. ఎక్కడ, ఎన్ని, ఏ కోణంలో వెల్డింగ్ చేశారో బయటివాడికి తెలిసే దారే లేదు. ఒకవేళ ఊహించి అతికించినా, యాభై ఏళ్ల తుప్పును ఎక్కడినుంచి తెస్తాడు? ఆ తుప్పు, ఆ వెల్డింగ్, దాని చుట్టూ ఉన్న పాత రంగు మూడూ ఒక వయసువే అయి ఉండాలి. వాటిలో ఏ ఒక్కటి కొత్తదైనా మిగిలిన రెండూ దాన్ని పట్టిస్తాయి.

తండ్రి పోయాక షాన్ కారును మళ్లీ బిగించాడు. నడిచేలా చేశాడు. పైన మాత్రం చేయి వేయలేదు. గీతలు, సొట్టలు, వెలిసిన రంగు అలాగే ఉంచాడు. కార్ల రంగుల వ్యాపారంలోనే ఉద్యోగం చేసే మనిషి తన కారుకు రంగు కొట్టకుండా నిగ్రహించుకున్నాడంటే అది చిన్న విషయం కాదు. చేతనయ్యే పనిని చేయకుండా ఉండటం చేతకానిపని మానేయడం కన్నా కష్టం.

మరి ఎనిమిది సంగతి? దెబ్బలు తిన్న ఆ కారును షూటింగ్ తర్వాత తుక్కుకు పంపినట్టే అందరూ నమ్మారు, అందుకే దాన్ని ఎవరూ వెతకలేదు కూడా. 2017 మార్చిలో అది మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో బయటపడ్డ వార్త వచ్చింది. ఇంజన్ లేదు, గేరుబాక్సు లేదు. మీద తెల్లరంగు. కొన్నవాళ్లకు అది బుల్లిట్ కారన్న ఊహే లేదు. గాన్ ఇన్ సిక్స్‌టీ సెకండ్స్ సినిమాలో ఎలెనార్ అని పిలిచే మస్టాంగ్ ఉంటుంది, అలాంటి నకలు తయారుచేద్దామని చవగ్గా ఒక ఫాస్ట్‌బ్యాక్ డొక్కు కొన్నారు. పని మొదలుపెట్టబోతూ నంబరు చూశారు. 8ఆర్02ఎస్125558.

ఒక సినిమా కారుకు నకలు చేయబోయినవాళ్ల చేతికి ఇంకో సినిమా అసలు కారు తగలడం విచిత్రమే. ఇంకొన్ని వారాలు ఆలస్యమైతే ఆ రేకును కోసి, కొత్త ముక్కలు అతికించి, బూడిదరంగు కొట్టి ఉండేవాళ్లు. నంబరు చూసి ఆగారు కాబట్టి మిగిలిన ఆధారాలు బతికాయి. షాక్‌అబ్జార్బర్ల గూళ్లకు వేసిన అదనపు ఇనుము అలాగే ఉంది. డిక్కీ అడుగు రేకులో లైట్ల తీగల కోసం వేసిన రంధ్రాలు ఉన్నాయి. దూకుడు షాట్ల కారుకు ఏ బలం అవసరమో ఆ బలమంతా అక్కడ ఉంది.

ఇవన్నీ తూకం వేసింది కెవిన్ మార్టీ. 1967 నుంచి ఫోర్డ్ తయారుచేసిన కార్ల లెక్కలు వాడుకునేందుకు కంపెనీ నుంచి అనుమతి పొందిన మనిషి. ఒక నంబరు చెబితే ఆ కారు ఏ రంగుతో, ఏ ఇంజన్‌తో, ఏ సామానుతో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిందో, ఏ డీలరుకు వెళ్లిందో చెప్పగలడు. ఫాస్ట్‌బ్యాక్ కొనేవాళ్లు ఆయన నివేదిక లేనిదే డబ్బు తీయరు. ఆయన వేరువేరుగా పరిశీలించి రెండు కార్లూ అసలువేనని తేల్చాడు. నాకు ఇందులో నచ్చింది, రెండు సాక్ష్యాలూ ఒకదానికొకటి ఊతమివ్వడం. సినిమావాళ్లు చేయించిన మార్పులు ఒకదాని మీద కనిపిస్తే ఎవరో సొంతానికి చేసుకున్నారని కొట్టేయవచ్చు. రెండువేల కిలోమీటర్లకు పైగా దూరంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియని మనుషుల దగ్గర, వరస నంబర్లున్న రెండు కార్ల మీద సినిమా పని తాలూకు గాట్లు దొరికితే ఇక కొట్టేయడానికి ఏముంటుంది?

2018 జనవరి 14న డెట్రాయిట్ ఆటో షోలో ఫోర్డ్ కొత్త బుల్లిట్ మస్టాంగ్ ఆవిష్కరించింది. సినిమాకు యాభై ఏళ్లు నిండిన సందర్భం అది. ఆ కొత్త కారు పక్కనే షాన్ తన పాత కారును జనం ముందుకు తెచ్చాడు. మెక్‌క్వీన్ మనవరాలు మాలీ మెక్‌క్వీన్ కూడా ఆ వేదిక మీద ఉంది. మెరిసే కొత్త కార్ల మధ్య తుప్పు మచ్చలతో, గుర్రం లేని ముందు జాలీతో నిలబడ్డ ఆ కారు చుట్టూ జనం మూగారు. అదే ఏడాది ఏప్రిల్‌లో దాన్ని వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్‌లో గాజు పెట్టెలో ప్రదర్శించారు. హిస్టారిక్ వెహికల్ అసోసియేషన్ తన జాతీయ చారిత్రక వాహనాల జాబితాలో చేర్చి, కారును కొలిచి, ఫొటోలు తీసి, వివరాలు నమోదు చేసింది. ఆ రికార్డు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరింది. ఆ తలుపుల కింది గొట్టం ముక్కలు రికార్డుకెక్కాయి. రేపు ఎవరైనా ఆ కారుకు మెరుగులు దిద్దినా, 2018 నాటికి అది ఎలా ఉండేదో చెప్పే కాగితం ఉంటుంది.

2020 జనవరి 10న ఫ్లోరిడాలోని కిసిమ్మీలో మీకమ్ వేలంలో షాన్ కారును అమ్మకానికి పెట్టాడు. ఇంత కన్నా తక్కువకు ఇవ్వనన్న షరతు పెట్టలేదు. పాట 34 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. వేలం సంస్థ రుసుముతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు. అప్పటిదాకా వేలంలో ఏ మస్టాంగూ అంత పలకలేదు. అదే 1968 మోడల్, అదే 390 ఇంజన్, అదే ఆకుపచ్చ రంగు, పైగా కొత్తదానిలా తీర్చిదిద్దిన ఫాస్ట్‌బ్యాక్ దొరికేది అందులో ఒక చిన్న వంతుకే. మిగిలిన పెద్ద వంతు డబ్బు దేనికిచ్చారంటే, 1977 నాటి ఉత్తరానికి, గ్రైండర్ పెట్టని గొట్టం ముక్కలకు, మార్చని రేకుల మీది నంబరుకు.